ఆవిరి అంకె

మా ఇంట్లో వేడిని లెక్కపెట్టేవాళ్లు ఇద్దరు. ఒకడు నా కొడుకు, రెండోది నా మనవరాలు. జ్వరం వేడీ పొయ్యి వేడీ అయితే నేనూ లెక్కపెడతాను, అరచెయ్యి ఆనిస్తే చాలు. వీళ్లు లెక్కపెట్టేది ఇంకా పుట్టని వేడిని. రెండు మందులు, అంటే రసాయనాలు, కలిపితే ఎంత సెగ పుడుతుందో కలపకముందే చెప్పాలి. చెప్పలేకపోతే రంగుల ఫ్యాక్టరీలో ఎవరూ వాల్వు తిప్పరు.

మనవరాలిని పిచ్చుక అంటాం. చిన్నప్పటినుంచీ కాగితం మీద పెన్సిలుతో టకటకా పొడుస్తూ కూర్చోవడం దానికి అలవాటు. దాని తల్లి, అంటే నా కూతురు, పిల్లకి మాటలు రాకముందే కన్నుమూసింది. తండ్రి ఇంకో సంసారం చూసుకున్నాడు. నేనూ, దాని మేనమామా కలిసి పెంచాం. నా కొడుకు పెళ్లి చేసుకోలేదు. నేను ఆ మాటెత్తితే, "రోజంతా ఆ గంగాళంతో వేగుతున్నాను కదమ్మా, ఇంటికొచ్చి కూడానా?" అనేవాడు. గంగాళమంటే వాళ్ల రియాక్టరు. రెండంతస్తుల ఎత్తుంటుందట. దాని కడుపులో గరిట తిరుగుతూ ఉంటుంది, ఒంటిచుట్టూ చల్లనీళ్లు పారుతూ ఉంటాయి.

వాడు మొదట్లో బాయిలరు దగ్గర పనిచేశాడు, తర్వాత గంగాళం దగ్గరికి మారాడు. పిచ్చుక రసాయనశాస్త్రం చదివి అదే ఫ్యాక్టరీ ల్యాబులో చేరింది. ఇక చూడండి, అన్నాలు తినేటప్పుడు కూడా అవే కబుర్లు. నాకు అర్థం కాదనుకుని వాళ్ల పాటికి వాళ్లు మాట్లాడుకునేవారు. ఓసారి అడిగేశాను.

"అసలు ఏం లెక్కే అది?"

"ఈ రంగు కొత్తది అమ్మమ్మా. ఇది తయారయ్యేటప్పుడు ఎంత వేడి పుడుతుందో ఏ పుస్తకంలోనూ లేదు. కానీ దీని చుట్టుపక్కల రియాక్షన్లకి ఉంది. వాటిని కూడి, తీసి, దీనిది తేలుస్తాం."

"చుట్టాలను చూసి పెళ్లికొడుకుని అంచనా కట్టినట్టా?"

"అంతకంటే నికరం!" అని నవ్వింది. "ఇదిగో, నువ్వు మేడ మీంచి కిందికి లోపలి మెట్లమీంచి దిగు, లేదా పెరట్లో నిచ్చెన మీంచి దిగు. దిగిన ఎత్తు మారుతుందా?"

"నిచ్చెన అయితే నడుం పట్టేస్తుంది."

"నీ నడుం సంగతి వదిలేయ్. ఎత్తు ఒకటే కదా! వేడి కూడా అంతే. ఎక్కడ మొదలుపెట్టాం, ఎక్కడ ఆగాం అన్నదే లెక్క. ఏ దారిన వచ్చామన్నది కాదు."

ఆ మాట నాకు నచ్చింది. మనుషుల బతుకు కూడా అలా ఉంటే బాగుండుననిపించింది.

ఆ ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉండేది. కొత్త సరుకు గంగాళంలోకి ఎక్కించేముందు ఇద్దరు మనుషులు విడివిడిగా లెక్క కట్టాలి. ఒకరి దారి ఇంకొకరు తొక్కకూడదు. ఒకరు లోపలి మెట్లు దిగితే రెండోవారు నిచ్చెన దిగాలన్నమాట. రెండు జవాబులూ కలిస్తే కాగితం మీద పచ్చగీత గీస్తారు. ఆ జవాబుని బట్టే మందు ఎంత వేగంగా పొయ్యాలో, చల్లనీళ్లు ఎంత జోరుగా తిప్పాలో నిర్ణయం. పచ్చగీత పడ్డాక దానికి తిరుగులేదు. ఈసారి ఆ ఇద్దరూ మావాళ్లే. లెక్క నడుస్తున్నన్నాళ్లూ ఇంట్లో మామా మేనకోడలూ ఆస్తి తగాదా ఉన్నవాళ్లలాగా చెరో గదిలో తలుపేసుకున్నారు. తర్వాత ఒకరోజు ఇద్దరూ ఒకేసారి ఇంటికొచ్చి, ఒకరి వీపు ఒకరు చరుచుకుంటూ, "కలిసింది అమ్మా!" "కలిసింది అమ్మమ్మా!" అని గోల. ఇద్దరికీ రెండువందల పది వచ్చిందట. ఏం రెండువందల పదో నాకేం తెలుసు, స్వీటు మాత్రం తిన్నాను.

ఆ తర్వాత పిచ్చుక ల్యాబులో ఎత్తు స్టూలు ఎక్కి సీసా అందుకోబోయి పడింది. మోకాలి దాకా పిండికట్టు. గంగాళంలో మొదటిసారి పెద్ద ఎత్తున మందు పోసే రోజుకి అది ఇంట్లో మంచం మీద ఉంది. పొద్దున్నే మామయ్య బయల్దేరుతుంటే మొహం ముడుచుకుంది.

"నా లెక్క, నా రంగు. చూడ్డానికి నేను లేను."

"నీ బదులు నేను చూస్తాలేవే. రంగు తేలగానే నీకో చెంచాడు పట్టుకొస్తాను, జడకి పూసుకుందువుగాని."

"నీ మీసానికి పూసుకో మామయ్యా."

వాడు నవ్వుకుంటూ వెళ్లాడు.

మధ్యాహ్నం నేను దాని మంచం పక్కన కూర్చుని బఠానీలు ఒలుస్తున్నాను. దానికి తోచక, తన కాలేజీ పుస్తకం తెచ్చివ్వమంది. ఆడుకోవడానికి మూడో దారిన ఆ లెక్కే మళ్లీ కడుతుందట. టకటకా పొడుస్తూ కూర్చుంది. కాసేపటికి పెన్సిలు ఆగింది.

"కలవలేదు" అంది.

"కూడికలో తప్పి ఉంటావు. నువ్వు చిన్నప్పటినుంచీ అంతే."

మళ్లీ కట్టింది. మళ్లీ కలవలేదు. పుస్తకం తిరగేసి ఇంకో దారి వెతికి కట్టింది. అదీ కలవలేదు. కలవకపోతే కలవకపోయింది, వింత ఏమిటంటే ఈ రెండింటికీ మాత్రం ఒకే జవాబు. రెండువందల తొంభై ఎనిమిది.

"తేడా ఎనభై ఎనిమిది" అని తనలో తాను గొణుక్కుంది. "రెండు నీళ్లు. సగం చేస్తే నలభై నాలుగు. నలభై నాలుగు..."

నేను తలెత్తి చూసేసరికి దాని మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఏమైందే? కాలు సలుపుతోందా?"

"అమ్మమ్మా, అది నీళ్లు ఆవిరవడానికి పట్టే వేడి."

ఆ తర్వాత అది చెప్పింది చెప్పినట్టు రాస్తాను. ఆ మాటలు నా బుర్రలో మేకు దిగ్గొట్టినట్టు ఉండిపోయాయి. రంగు ఒక పాలు తయారయ్యేటప్పుడు గంగాళంలో నీళ్లు కూడా రెండు పాళ్లు పుడతాయి. పుస్తకాల్లో నీళ్లకి రెండు అంకెలుంటాయి. ఆవిరిగా పోతే రెండువందల నలభై రెండు, నీళ్లుగా ఉండిపోతే రెండువందల ఎనభై ఆరు. ఆవిరైతే కొంత వేడిని తనతో మోసుకుపోతుంది. మూత బిగించిన గంగాళంలోంచి ఎక్కడికి పోతుంది? ఆ వేడంతా లోపలే ఉంటుంది. ల్యాబు బీరువా తలుపుకి అంటించిన కాగితంలో ఉన్నది ఆవిరి అంకె. ఆ కాగితం తప్పు కాదు. అది బాయిలరువాళ్లది, వాళ్ల నీళ్లు ఆవిరై పొగగొట్టంలోంచి పోతాయి, వాళ్లకి అదే సరైన అంకె. నా కొడుకు అక్కడినుంచి వచ్చేటప్పుడు దాన్ని వెంట తెచ్చి అంటించాడు. లెక్క కట్టేటప్పుడు ఇద్దరూ చెరో దారీ పట్టారు, నిజమే. నీళ్ల దగ్గరికొచ్చేసరికి ఇద్దరూ ఆ బీరువా తలుపే చూశారు.

"దారులు వేరు, నీళ్లు ఒకటే" అంది పిచ్చుక. "అందుకే కలిసింది. తప్పుతో తప్పు కలిసింది. మేం అనుకున్నదానికంటే చాలా ఎక్కువ వేడి పుడుతుంది అమ్మమ్మా. ఆ చల్లనీళ్లు చాలవు. మామయ్య ఇప్పుడు పోయిస్తూ ఉంటాడు."

నా ఒళ్లో బఠానీలు ఎప్పుడు నేలపాలయ్యాయో తెలియదు.

మామయ్యకి ఫోను చేసింది. ఆ ఫ్యాక్టరీలో ఫోన్లు గేటు దగ్గరే పెట్టెలో పెట్టి లోపలికి వెళ్లాలి, నిప్పురవ్వ భయం. పెట్టెలో మోగి మోగి ఆగిపోయింది. కంట్రోలు రూముకి చేసింది. ఎవరూ ఎత్తలేదు. పోసే సమయంలో అందరూ చెవులకి మూతలు తగిలించుకుని గంగాళం చుట్టూ నిలబడతారట. చివరికి మేనేజరుకి చేసింది. ఆయన వేరే ఊళ్లో మీటింగులో ఉన్నాడు. అది స్పీకరులో పెట్టింది కాబట్టి నేనూ విన్నాను.

"సార్, పోయడం ఆపించండి. లెక్క తప్పు."

"ఏ లెక్కమ్మా? పచ్చగీత పడింది కదా."

"పడింది సార్. ఇద్దరం ఒకే తప్పు చేశాం."

"ఇద్దరూ ఒకే తప్పు ఎలా చేస్తారమ్మా? అందుకేగా ఇద్దరితో కట్టించేది!"

"సార్, నీళ్ల అంకె..."

"నువ్వు సెలవులో ఉన్నావు. కాలు నొప్పికి మాత్రలేవో వేసుకుంటున్నావు. ముందు ఓ మెయిలు పెట్టు, సాయంత్రం చూస్తాను."

పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. పిచ్చుక ఫోనుని దిండుకేసి కొట్టి, కర్ర అందుకుని, ఒంటికాలి మీద లేచింది. "పద అమ్మమ్మా" అంది. నేను తలుపుకి తాళం కూడా వెయ్యలేదు.

కిరాయి కారు దొరికింది. వెనకసీటులో దాని కట్టుకాలు నా ఒడిలో. ఆ కారాయన పాట పెట్టుకుని తాపీగా పోతున్నాడు. "కాస్త తొక్కు నాయనా" అంటే, "కాన్పా అమ్మా?" అని అడిగాడు. పిండికట్టు కనబడుతూనే ఉంది, అయినా అడిగాడు. "అవును, మా వాడికి పునర్జన్మ, నువ్వు తొక్కితేనే" అన్నాను. అప్పుడు పాట ఆపి తొక్కాడు. తొక్కి ఏం లాభం, రైలు గేటు పడింది.

గూడ్సు బండి. దానికి చివరే లేదు. ఒక్కొక్క పెట్టే డబడబా దాటుతోంది. పిచ్చుక మళ్లీ మళ్లీ ఫోను చేస్తోంది. గేటు దగ్గర పెట్టెలో వాడి ఫోను మోగుతూ ఉంటుంది, ఎవరికీ చెందనట్టు. అది నా భుజం పట్టుకుని, "నేనే చంపుతున్నాను అమ్మమ్మా" అంది. నోరు మూసుకోమన్నాను. ఉన్న ఒక్కగానొక్క కొడుకు అక్కడ, వాడి ప్రాణం ఈ పిల్ల. ఎవరి వైపున ఏడవను?

ఫ్యాక్టరీ గేటు దగ్గర ఒక్కడే కాపలా మనిషి. పిచ్చుకని చూసి లేచి నిలబడ్డాడు గాని గొలుసు తియ్యలేదు.

"మేడమ్, బూట్లు?"

"బూటేమిటండీ, కాలు విరిగింది కనబడట్లేదా? గంగాళం షెడ్డుకి ఫోను కలపండి!"

ఆయన ఫోను చేశాడు. మోగింది. ఎత్తలేదు.

"మీరు వెళ్లి చెప్పండి, పరిగెత్తండి!"

"గేటు వదిలానంటే నా ఉద్యోగం ఊడుతుంది మేడమ్. బూట్లు లేకుండా మిమ్మల్ని వదిలినా ఊడుతుంది. మొన్నే ఒకాయన్ని తీసేశారు."

అంత బెదిరిపోయి ఉన్నాడు పాపం, అతన్ని తిట్టడానికి కూడా మనసు రాలేదు. పిచ్చుక గొలుసు కిందనుంచి దూరబోయి కర్ర జారి పడింది. లేచినా ఏం నడుస్తుంది? షెడ్డు ఎక్కడో దూరాన, పొడుగాటి సిమెంటు దారి చివర. ఫ్యాక్టరీ చూడ్డానికొచ్చేవాళ్ల కోసం గోడకి వేలాడదీసిన బూట్లు కనబడ్డాయి. నేను ఒక జత లాగి కాళ్లకి తొడుక్కున్నాను. నా పాదాలు అందులో గిన్నెలో గరిటెల్లా ఆడాయి.

"పెద్దమ్మగారూ, మీరెక్కడికి?"

"బూట్లున్నాయిగా!"

ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. నేను నడుచుకుంటూ ఆ చేతికేసే వెళ్లాను. పరాయి ముసలిదాన్ని ఎక్కడ పట్టుకుని ఆపాలో తెలియక ఆయనే వెనక్కి తీసుకున్నాడు. వెనకనుంచి పిచ్చుక అరుస్తోంది.

"నీలం తలుపు అమ్మమ్మా! నీళ్లకి ఆవిరి అంకె పడిందని చెప్పు! పొయ్యడం ఆపమను! కలపడం మాత్రం ఆపొద్దు! గరిట ఆగితే ఇంకా ప్రమాదం!"

ఆ మాటలు నోట్లో పెట్టుకుని పరిగెత్తాను. పరుగంటే నా పరుగు. ఆవిరి అంకె పడింది, పొయ్యడం ఆపు, కలపడం ఆపకు. ఒక్క ముక్క అటూ ఇటూ అయితే నా బిడ్డని నా నోటితోనే తగలబెట్టినదాన్నవుతాను. బూటు కాలిని కొరుకుతోంది, ఊపిరి అందడం లేదు, పెదాలు మాత్రం ఆపలేదు. ఆపు, ఆపకు. ఆపు, ఆపకు.

నీలం తలుపు తోసేసరికి వేడి మొహాన కొట్టింది. చెవులు గళ్లుపడే చప్పుడు. ఇనుపమెట్ల పైన నలుగురు మనుషులు నిలబడి ఉన్నారు. నా కొడుకు థర్మామీటరు అద్దం మీద వేలితో కొడుతున్నాడు. పక్కనున్న బక్కాయనతో అంటున్నాడు, అరుస్తున్నాడు గనక వినబడింది.

"ఈ ముల్లు పాడైపోయిందిరా! కాగితం ప్రకారం ఇంత ఉండకూడదు! పోస్తూనే ఉండండి, మధ్యలో ఆపితే సరుకు చెడుతుంది!"

ముల్లు నిజం చెబుతోంది. వాడు నమ్మలేదు. కాగితం మీద పచ్చగీత ఉంది, ఇద్దరు కట్టిన లెక్క ఉంది, అందులో ఒకటి వాడి పిచ్చుకది.

"ఒరేయ్!" అని కేక పెట్టాను. వాడు తిరిగి చూశాడు. చెవుల మీది మూతలు తీశాడు.

"అమ్మా! నువ్విక్కడేంటి? పిచ్చుకకేమైంది?"

"పిచ్చుకకేం కాలేదు. నీళ్లకి ఆవిరి అంకె పడిందంట. బీరువా తలుపుది. పొయ్యడం ఆపు. కలపడం ఆపకు."

వాడి మొహం చూశాను. అర్థం కావడానికి రెప్పపాటు కూడా పట్టలేదు. ఆ అంకె అంటించిన చెయ్యి వాడిదే కదా. "ఆపండి! వాల్వు మూసెయ్యండి!" అని అరిచాడు. పొయ్యడం ఆగింది. అయినా ముల్లు ఆగలేదు. అప్పటికే లోపలికి వెళ్లిన మందు చాలు, అది తన పని తాను చేసుకుపోతోంది. చల్లనీళ్లు మొత్తం తెరిచారు. ముల్లు ఇంకా పైకే. గంగాళం ఒళ్లు గజగజలాడింది.

"అమ్మని బయటికి తీసుకెళ్లండి. మీరూ వెళ్లండి."

"నువ్వో?"

"కింద వాల్వు తెరిచి సరుకంతా నీళ్ల గోతిలోకి వదిలెయ్యాలమ్మా. వెళ్లు."

"నేను వెళ్లను."

"అమ్మా, నీ కాళ్లు పట్టుకుంటాను, వెళ్లు!"

బక్కాయన నన్ను అమాంతం ఎత్తి భుజాన వేసుకున్నాడు. వెనక తలుపులోంచి బయటపడ్డామో లేదో, లోపల పెద్ద చప్పుడు. గోతిలో నిలవ ఉన్న నీళ్లలోకి ఆ సెగంతా ఒక్కసారి దిగింది. షెడ్డు కప్పుమీంచి తెల్లటి ఆవిరి లేచింది, ఆకాశం కనబడకుండా. సైరను కూసింది. నేను ఆ మనిషి వీపు మీద పిడికిళ్లతో గుద్దుతూ నా కొడుకుని పిలుస్తున్నాను. నాకే నా గొంతు వినబడలేదు.

ఆ తెల్లదనంలోంచి వాడు నడిచి వచ్చాడు. కుడిచెయ్యి ముందుకు చాచి పట్టుకుని, అది తనది కానట్టు నడిచి వచ్చాడు. వాల్వు పిడి కాలుతోందట, చేతితొడుగు తడిసి ఉందట. అరచేతి చర్మం ఎలా ఉందో నేను రాయను. వాడు మాత్రం అడిగింది ఒక్కటే.

"పిచ్చుక ఎక్కడ?"

"గేటు దగ్గర."

ఆ మాట అన్నాకే నాకు తట్టింది. గేటు దగ్గరున్నదానికి ఏం కనబడి ఉంటుంది? చప్పుడు, ఆవిరి, సైరను. మామయ్య లోపల. పంపింది తనే గనక అమ్మమ్మా లోపలే. ముందుదారి ఆవిరితో మూసుకుపోయింది. ప్రహరీ చుట్టూ తిరిగి వెళ్లాలి. నాకు బూటు ఒకటి ఊడిపోయింది, వాడు ఎడమచేత్తో నా రెక్క పట్టుకుని ఈడుస్తున్నాడు. దాన్ని పిలవడానికి ఇద్దరిలో ఎవరికీ ఊపిరి లేదు.

మలుపు తిరిగేసరికి కనబడింది. గొలుసు దాటి లోపలికొచ్చేసింది. కర్ర ఎక్కడో పడి ఉంది. సిమెంటు దారి మీద మోచేతులతో పాక్కుంటూ, పిండికట్టు కాలు వెనక ఈడ్చుకుంటూ, ఆవిరి వైపు వెళ్తోంది. కాపలా ఆయన దాని భుజాలు పట్టుకుని వెనక్కి లాగుతున్నాడు, ఆయనా ఏడుస్తున్నాడు. మమ్మల్ని చూసింది. చూసినా గుర్తుపట్టలేదు. ఇంకా పాకుతూనే ఉంది.

నా కొడుకు దాని ముందు చతికిలపడ్డాడు. "ఏమేవ్, ఇటు చూడు. నేనే."

అది వాడి మొహం తడిమింది, మీసం తడిమింది, నా ఉత్తకాలు పట్టుకుంది. తర్వాత వాడి చెయ్యి చూసింది. అప్పుడు వచ్చింది గొంతు, మనిషి గొంతులా లేదు.

"నేను నీళ్లు సరిగ్గా చూళ్లేదు మామయ్యా."

"నేనూ చూళ్లేదు."

"నేను చూడాలిగా!"

"ఇద్దరం చూడాలి. నువ్వు కట్టావు కదా అని నేను ధీమాగా ఉన్నాను, నేను కట్టాను కదా అని నువ్వు. ముల్లు మొత్తుకుంటున్నా నేను వినలేదే. నిన్నే నమ్మాను."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. ఓదార్పు అనుకునే అన్నాడు గాని, అది దానికి కత్తిలా దిగింది. సిమెంటుకేసి తల కొట్టుకోబోయింది. నేను అడ్డం పడి దాని తలని నా పొట్టకి అదుముకున్నాను. వణికిపోతోంది. ఇన్నేళ్లలో దాన్ని ఎన్నిసార్లు నిద్రపుచ్చానో. ఆ వణుకు మాత్రం నా చేతులకి లొంగలేదు.

ఆస్పత్రి బండి వచ్చింది. వాణ్ణి ఎక్కమంటే ఎక్కడు, అది వదిలితే గదా. కాలిన చెయ్యి తగలకుండా వాడి చొక్కా అంచు పట్టుకుని, ఎంత వేడి పుట్టి ఉంటుందో, మందు ఎంత వెళ్లిందో, ఇంకాస్త పోసి ఉంటే ఏమయ్యేదో లెక్క కడుతూ పోతోంది. కన్నీళ్లు కారుతున్నాయి, అంకెలు వస్తున్నాయి. వాడు తల ఊపుతున్నాడు.

"ఇద్దరూ నోరు మూసుకుని బండెక్కండి" అన్నాను. "ఇక ఒక్క అంకె వినబడిందంటే ఇద్దర్నీ ఇక్కడే వదిలేసి ఇంటికెళ్లిపోతాను."

ఎక్కారు. వెనకే నేనూ ఎక్కాను. తలుపు వేస్తుంటే పిచ్చుక నావైపు చూసి, చిన్నప్పుడు మాటలు రాని రోజుల్లో చూసినట్టు చూసి, అడిగింది.

"అమ్మమ్మా, మామయ్యకి చెయ్యి మళ్లీ వస్తుందా?"

నేను దాని నుదుటికి అరచెయ్యి ఆనించాను. బండి కదిలింది.